ఖాళీ మాత్రల డబ్బా

ఆస్పత్రిలో రక్తపరీక్షల గది, పొద్దున పదకొండు గంటలు. అక్కడ పనిచేసే మరదలు, లిఫ్టులు బాగుచేసే బావ.

"నవ్వకు బావా. నవ్వితే కౌంటు పెరగదు."

"ఏడిస్తే పెరుగుతుందా? చెప్పు, ఇక్కడే మొదలెడతా."

"ఆర్నెల్ల కింద ఆరువందల నలభై. ఇవాళ మూడువందల తొంభై. ఏం చేశావు?"

"ఏం చేస్తాను? లిఫ్టులు ఎక్కించాను, దించాను. అయినా మరదలా, నాకు హెచ్‌ఐవీ అని తేలిన నాలుగేళ్ల నుంచీ కౌంటు, కౌంటు అని ప్రాణం తీస్తున్నావు. నువ్వు లెక్కపెట్టేది దేన్నో ఒక్కసారైనా చెప్పావా?"

"నలభైసార్లు చెప్పాను. నువ్వు నలభైసార్లూ గోడమీద గడియారం చూశావు."

"ఇవాళ నీ మొహమే చూస్తా. చెప్పు."

"తెల్ల రక్తకణాల్లో సీడీ ఫోర్ అని ఓ రకం కణాలున్నాయి. వాటికి కొట్టడం రాదు, అరవడం వచ్చు. 'ఒరేయ్, దొంగ దూరాడు, నువ్విటు రా, నువ్వటు పో' అని మిగతా కణాలన్నిటినీ పనిలోకి తోలుతాయి."

"మా సూపర్‌వైజరు."

"అదే అనుకో. ఈ వైరస్ తిన్నగా ఆ సూపర్‌వైజర్లోకే దూరుతుంది. లోపల కూర్చుని వాడి చేతే తన నకళ్లు తయారుచేయిస్తుంది. చివరికి వాడు చస్తాడు, నకళ్లు పోయి ఇంకొందరి మీద పడతాయి."

"మా వాడిలో దూరితే వైరసే నెత్తి బాదుకుంటుంది. వాడి చేత పని చేయించడం దేవుడి తరం కాదు."

"బావా!"

"సరే, సరే. మరి మిగతా తెల్లోళ్లు గాడిదలు కాస్తున్నారా?"

"మాక్రోఫేజ్ అని ఇంకోటుంది. ఒట్టి తిండిపోతు. కనిపించిందల్లా మింగుతుంది. వైరస్‌నీ మింగుతుంది గానీ అన్నిసార్లూ అరిగించుకోలేదు. ఆ వైరస్ దాని పొట్టలోనే దర్జాగా కాపురం పెట్టి ఒళ్లంతా ఊరేగుతుంది."

"టిక్కెట్టు లేకుండా!"

"లేకుండానే. ఇంకొన్ని సీడీ ఫోర్లు నిద్రమొహాలు. వైరస్ వాటిలో ముసుగుతన్ని పడుకుంటుంది. అక్కడ మాత్ర దాన్నేమీ చెయ్యలేదు. మాత్ర మానేశావో, ఒళ్లు విరుచుకుని లేస్తుంది. అందుకే రోజూ వేసుకోమని మొత్తుకునేది."

"వేసుకుంటున్నాగా."

"రోజూ?"

"డబ్బా చూడు. ఒక్కటి మిగిలితే నన్నడుగు."

"డబ్బా ఖాళీయే. ఒంట్లో వైరస్ మాత్రం పద్దెనిమిది వేలు. పోయినసారి మిషనుకు కనపడనే లేదు. అబద్ధమాడేది నువ్వా, మిషనా?"

"మిషన్లని నమ్మకూడదు. నా అనుభవం."

"నీ అనుభవం తగలెయ్య! మర్చిపోతున్నావా?"

"లేదు."

"తాగి పడిపోతున్నావా?"

"తాగుడు మాని మూడేళ్లు. మీ అక్కనడుగు."

"అడుగుతా. ఇదిగో, ఫోన్ చేస్తున్నా."

"వద్దు!"

"ఏం?"

"అది... పనిలో ఉంది. బట్టలు కుడుతోంది."

"అక్క? గుండీ ఊడితే నా దగ్గరికి పంపించే అక్క?"

"నిన్నే మొదలెట్టింది."

"బావా, ఇటు చూడు. ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తే ఆ వైరస్ మాత్రని కాచి వడబోస్తుంది. తర్వాత దోసెడు మింగినా పనిచెయ్యదు. ఎవరికైనా అంతే."

"ఎవరికైనానా?"

"ఎవరికైనా. తలుపుకేసి చూస్తావేం?"

"అంటే... అసలు లేనిదానికన్నా సగం మేలు కదా అని..."

"మేలు కాదు, నాశనం. అయినా సగమేమిటి? నెలనెలా నీ చేతిలో పెడుతున్నాను కదా!"

"ఒకరికే పెడుతున్నావు."

"నువ్వొక్కడివే కాబట్టి ఒకరికే. ఇంకెవరికైనా కావాలంటే వచ్చి రక్తమిచ్చి, పేరు రాయించుకుని తీసుకుపొమ్మను. నేనేమైనా కరుస్తానా?"

"అదే నేనూ చెప్పాను. కరవదు, అరుస్తుంది అంతే అన్నాను."

"ఎవరికి చెప్పావు?"

"రానంటే ఏం చెయ్యను? పోరు పెట్టాను, బతిమాలాను. చివరికి నావే చెరిసగం చేశాను."

"నోరు విప్పు బావా. రెండో సగం ఎవరు మింగుతున్నారు?"

"కోప్పడకు. నాలుగేళ్ల కింద తనకు లేదని నీకు తెచ్చి చూపించిన కాగితం వేరేవాళ్లది. నిన్ను పెంచిన చెయ్యి నీ ముందు చాపి రక్తమివ్వలేనని, ఇప్పుడు కూడా ఆ తలుపవతలే నిలబడిపోయింది... మీ అక్క."