శిక్షాపత్రాన్ని వెనక్కి తీసుకున్న చాముండేశ్వరి గారు

రెండువేల రెండు ఆగస్టు ఇరవై ఆరవ తేదీన శ్రీమతి చాముండేశ్వరి గారు డెట్రాయిట్ శివారులోని మన మిడిల్ స్కూల్‌లో గణితోపాధ్యాయినిగా చేరారు. పక్క తరగతిలో సైన్సు బోధిస్తూ ఇరవై మూడేళ్లు వారి సహోద్యోగినైన నన్ను, వారి పదవీ విరమణకు వెలువడుతున్న ఈ సంచికకు తెలుగులోనే రాయమని వారి అమ్మాయి తార కోరడం నాకు దక్కిన గౌరవంగా భావిస్తున్నాను.

తొలి దశాబ్దంలో వారు కఠిన క్రమశిక్షణకు పేరుపడ్డారు. లెక్క తప్పితే ఓపికగా నాలుగుసార్లు చెప్పేవారు గానీ, తరగతిలో సద్దును మాత్రం సహించేవారు కారు.

2013 జనవరిలో, ఎనిమిదో తరగతి చదువుతున్న నల్లజాతి విద్యార్థిని ఇమాని బ్రాడస్ గట్టిగా మాట్లాడిందని, 'ఎదురు తిరిగింది, గౌరవం లేదు' అంటూ శిక్షాపత్రం రాసి ఆఫీసుకు పంపారు. మూడు రోజుల సస్పెన్షన్ పడింది. ఆ పిల్ల పక్కనున్న స్నేహితురాలికి భిన్నాల లెక్క వివరిస్తోందని మర్నాడు తెలిసింది. అదే వారం ఒక తెల్లజాతి కుర్రవాడు బల్ల చరిచి అరిస్తే, హుషారు ఎక్కువని తాము నవ్వి ఊరుకున్న సంగతి కూడా వారికి గుర్తొచ్చింది.

"విశ్వనాథం గారూ, ఇమాని వాళ్లింటికి వెళ్లాలి. ఈ మంచులో నేను డ్రైవ్ చేయలేను, కాస్త రాగలరా? ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు" అన్నారు నాతో. వెళ్లాం. తలుపు తీసిన అమ్మమ్మగారు లోపలికి రమ్మనలేదు.

"నా మనవరాలి గొంతు పెద్దది. మా ఇంట్లో అందరిదీ అంతే. అది నేరమా?"

"కాదమ్మా. ఏం జరిగిందో అడగకుండానే రాసేశాను. తప్పు నాది."

వెనక నుంచి ఇమాని అడిగింది: "ఆ మాట క్లాస్‌లో అందరి ముందూ చెప్తారా?"

"చెప్తాను."

శిక్షాపత్రాన్ని వెనక్కి తీసుకుంటే టీచర్ల మాటకు విలువుండదని ప్రిన్సిపాల్ గారు వారించినా వినక, చాముండేశ్వరి గారు దాన్ని వెనక్కి తీసుకుని, ఇమాని తిరిగి వచ్చిన ఉదయమే తరగతిలో క్షమాపణ చెప్పారు. ఆ మాటలు గుమ్మం దగ్గర నిలబడి నేనూ విన్నాను.

అక్కడితో ఆగలేదు. ఐదేళ్ల శిక్షాపత్రాలు తెప్పించుకుని చదివారు. మిగతా పిల్లల పత్రాల్లో ఆ పిల్లలు చేసిన పనులు ఉన్నాయి. నల్లజాతి ఆడపిల్లల పత్రాల్లో 'పొగరు', 'గోల', 'చూపు బాగాలేదు' అన్న అభిప్రాయాలే ఉన్నాయి. కంటితో చూసినది, చెవితో విన్నది మాత్రమే రాయాలని, పిల్ల చెప్పేది విన్నాకే శిక్ష వేయాలని, నల్లజాతి పిల్లల జడల తీరు క్రమశిక్షణ విషయం కారాదని, టీచర్ల శిక్షణకు ఆ పిల్లల తల్లులనూ పిలవాలని వారు ప్రతిపాదించారు. వ్యతిరేకించిన వారిలో నేనూ ఉన్నానని సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

"మనకెందుకండీ ఈ గొడవ?" అన్నాను.

"మన తారని ఇలాగే ఇంటికి పంపేస్తే, అప్పుడూ ఇదే అంటారా?" అన్నారు.

స్కూల్ బోర్డు రెండుసార్లు తిరస్కరించింది. 2016లో మూడోసారి ఇమాని అమ్మమ్మగారు నలభై మంది తల్లులను వెంటబెట్టుకుని వచ్చి చాముండేశ్వరి గారి పక్కన కూర్చున్నారు. ఆనాడు ప్రతిపాదన నెగ్గింది. మరుసటి ఏడాది వారు అసిస్టెంట్ ప్రిన్సిపాల్ అయ్యారు. గడచిన రెండేళ్లలో 'గౌరవం లేదు' అన్న కారణంతో మన బడి నుంచి ఏ ఆడపిల్లా ఇంటికి వెళ్లలేదు. అయినా పని పూర్తయిందని వారు ఏనాడూ అనలేదు. ఈ ఏప్రిల్‌లో సైతం ఒక కొత్త టీచర్ రాసిన పత్రాన్ని, "మీకు ఏమనిపించిందో కాదు, ఏం చూశారో రాయండి" అంటూ తిప్పి పంపారు.

జూలై నుంచి పొరుగు స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, సస్పెన్షన్ విచారణకు వచ్చే కుటుంబాలకు తోడుగా కూర్చోవాలని వారి సంకల్పం. చాముండేశ్వరి గారూ, ఆ పనికి తగిన ఆరోగ్యమూ, అలుపెరగని దీర్ఘాయువూ, ఇంటిల్లిపాది సంతోషమూ మీకు సమృద్ధిగా లభించాలని మనసారా కోరుకుంటున్నాను. అక్కడ మీ పక్కన నాకూ ఒక కుర్చీ వేయించండి. ఈసారి అడగకుండానే వస్తాను.