కట్టయ్య బావ కాపలా కాసిన గుడ్లు

ఏంది, ఆ ఈలలా? మనుషులు గాదురా మనుమడా, బాతులు. అగో, చెర్వు మీదికెళ్ళి పోతానయ్ సూడు. ఈల బాతులంటం మేము. వాటిని సూస్తే నాకు మా కట్టయ్య బావే యాదికొస్తడు. మా చెల్లె రాజక్క మొగడు, నువ్వు పుట్టకముందే పోయిండు. పని సంగతి అడగకు గని, ఉచ్చులు పెట్టుడంటే మాత్రం ఆయనకు పానం. ఎమర్జెన్సీ పోయిన ఏడు, వానకాలం, చెర్వు కట్టకింది ఇప్పచెట్టు తొర్రల ఓ జంట గుడ్లు పెట్టింది. బాతేంది, చెట్టెక్కుడేందని నవ్వకు, ఈ జాతి అంతే. మా బావకు ఒక నియమం ఉండె, పొదిగే పిట్టను ముట్టడు. అందుకని తొర్రలున్నదాన్ని ఇడిశిపెట్టి, నీళ్ళల్ల సోకుగ తిరిగేదానికి ఉచ్చు పెట్టి పట్టిండు. తల్లిని ఇడిశిన, మొగన్ని తెచ్చిన అని మీసం దువ్వుకుంట ఇంటికొచ్చిండు. రాజక్క కోసి సూస్తే ఏమున్నది, కడుపుల సజ్జగింజలంత గుడ్ల గుత్తి. అది ఆడది. మరి తొర్రల కూసున్నదెవరు? మొగడు. ఈ జాతిల ఇద్దరు పూటకొకలు పొదుగుతరు, సూడనీకి ఇద్దరు ఒక్కతీరే ఉంటరు. మా బావకేం ఎరుక? పిల్లల దగ్గర కూసున్న మొగోడు ఎన్నడన్న ఆయనకు కనవడ్డడా?

నవ్వులాటే గని, మా చెల్లెకు అప్పుడు నెలలు నిండుతానయ్. అంతకుముందు రెండు కాన్పులు పోయినయ్. ఆ గుత్తి సూడంగనే కత్తిపీట ఇడిశి కూలవడ్డది. తల్లి ఉసురు నా కడుపుకే తాకుతదని ఒకటే ఏడుపు. ఆనాటి సంది రెండు ముద్దలు తిని చెయ్యి కడుగుతాంది. "ఆ గుడ్లు పిల్లలైతేనే నాకు పిల్ల దక్కుతది. పో, ఏం జేస్తవో చెయ్యి" అన్నది. ఇగ సూడు మా బావ కష్టం. నాగలి పక్కకు పెట్టి, చెట్టుకింద కట్టె పట్టుకొని కూసున్నడు. కాకులొస్తే కొట్టుడు, ఉడుమొస్తే తరుముడు. ఒంటరి పిట్ట మేతకు పోతే గుడ్లు సల్లవడుతయ్ కదా, తలరుమాలు ఇప్పి, చెట్టెక్కి, గుడ్ల మీద కప్పి, ఈల ఇనవడంగనే తీసుకొని దిగుతాండు. ఓసారి దిగేది లేటైతే పిట్ట వచ్చి ముక్కు మీద పొడిశింది. ఊరంతా ఇదే ముచ్చట. మా పక్క పొలం మొగిలయ్య గట్టుమీదికెళ్ళి పోతాంటే, కట్టన్నా, నొప్పులు మొదలైనయా, మంత్రసానిని పిలువాల్నా అనేది. నేను తక్కువనా, బాలింత తానానికి వాయిలాకు నీళ్ళు కాగవెడ్తనంటి. బావ మాత్రం తొర్ర దిక్కే సూసుకుంట కూసునేది. ఆ సూపు సూశి నాకు గప్పుడు భయమైంది, గుడ్లు చెడితే చెల్లె ఏమైతదోనని.

ఓ పొద్దుగాల పిల్లలైనయ్. మొగ బాతు కిందికి దిగి, నీళ్ళ అంచుకు నిలవడి ఈల ఏస్తాంది. పిల్లలు తొర్ర అంచుకొచ్చి ఒక్కొక్కటి దుంకుతానయ్, ఇంటికొప్పంత ఎత్తు మీదికెళ్ళి. సస్తయని బావ రుమాలు పరిశి పట్టుకొని కింద ఇటు అటు ఉరుకుతాండు. ఒక్కటన్న అండ్ల పడ్డదా? అన్ని బురదల పడి, దులుపుకొని, నాయన ఎంట నడిశినయ్. బావే జారి బోర్ల పడ్డడు. ఆ బురద మొకంతోనే ఇంటికి ఉరికొచ్చి చెప్తే, రాజక్క తట్టెడు అన్నం తిన్నది. వారం తిరక్కముందే ఆడపిల్ల పుట్టింది, ఇల్లెగిరిపోయేటట్టు ఏడ్సింది.

ఇగ బాలింతకు నీసు మీదికి మనసు పోయింది. "ఓ బాతును పట్కరా. ఈసారన్న సక్కగ సూశి మొగదాన్ని పట్టు" అన్నది. బావ ఉచ్చుల మూట తీశిండు, మల్ల కింద పెట్టిండు. "ఎట్ల గుర్తు పట్టాలెనే? నాకు తెల్సిన మొగోడు గుడ్ల మీద కూసున్నడు" అన్నడు. రాజక్క నవ్వింది, మంచం కిర్రుమనంగ నవ్వింది, ఆ నవ్వుకు పిల్ల లేశి ఏడ్సింది. పురుడు గూడ కాలే. పచ్చి పిల్లను మొగోడు ముట్టుకునుడు మా వాడల లేదు. బావ పోయి ఎత్తుకున్నడు, నా ముంగటనే...

జర జరుగు, ఎండ మీదికొచ్చింది.