మేకతిత్తి కింద చీటీ

మొత్తుకున్నానా లేదా, హీథర్? "అమ్మాయ్, ఆ మూల జోలికి పోకు, అటువైపు తవ్వుకో, నీకు పుణ్యముంటుంది" అని మూడు రోజులు మొత్తుకున్నానా? వింటివా!

ముందు ఈ పస్తీట్సి తిను. జున్ను పెట్టి చేశాను. చేతులు తుడుచుకో తల్లీ. నూట డెబ్భై ఏళ్ళనాటి మట్టంటే నీకు గొప్పేమోగానీ, కడుపులోకెళ్తే ఏ మట్టైనా మట్టే.

పాతకాలపు ఇళ్ళు తవ్వి తీసే నీ పనికి వంక పెట్టడం లేదులే. మా పెరటిసందు కింద ఒక ఇల్లుందని ఎవరనుకున్నారు చెప్పు? ఇన్నేళ్ళూ నేను చెత్తడబ్బా ఈడ్చుకెళ్ళింది ఎవరిదో పొయ్యిగడ్డ మీదన్నమాట! ఆ ఇటుకల నేల, ఆ పింగాణీ పెంకులు చూస్తే ముచ్చటేసింది. ఈ మెల్‌బోర్న్ అంతా అంతే, కింద ఒకరి కాపురం, పైన ఇంకొకరి కాపురం.

కానీ గాజుపెట్టెలో పెట్టావే, ఆ కొమ్ము! దానికో రెల్లుగొట్టం, తోలుముక్క, వేలాడే కాలొకటి. కింద చీటీ మీద ఏం రాశావూ? "1850ల నాటిది. ఏదో క్రతువులో వాడి ఉండవచ్చు." క్రతువా! మేరీ మాతా, నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను.

నవ్వాక ఏడుపొచ్చింది. అది వేరే సంగతి.

ఏమిటీ? పొయ్యి పక్కన దొరికింది కాబట్టి ఆ ఇంటివాళ్ళదే అంటావా? మరి ఆ పక్కనే ఉన్న మురుగుగొట్టం ఎవరిదే? అదీ క్రతువులోదేనా?

విను. అది మేకతిత్తి. మా మాల్టాలో పండగలకి ఊదే వాద్యం. మేకతోలు కాళ్ళతో సహా వలిచి, గాలి నింపి, చంకలో పెట్టుకుని ఊదడం. మా మామగారిది. మా ఆయన చెన్సు ఓడెక్కేటప్పుడు బట్టలపెట్టె వదిలేసి దీన్ని తెచ్చుకున్నాడు. ఊదితే ఆ నాలుగు కాళ్ళూ గింజుకునేవి, చచ్చిన మేక మళ్ళీ చస్తున్నట్టు!

డెబ్భై ఒకటి, ఆగస్టు. ఒకటే చలి. మా రీటా పుట్టి ఇంకా నెల నిండలేదు. మూడు రోజులుగా దానికీ కునుకు లేదు, నాకూ లేదు. ఈయనేమో పండక్కి సాధనంటూ మొదలెట్టాడు. వెనక సందులో మురుగుగొట్టాల కోసం తవ్విన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. నన్నేం చెయ్యమంటావ్? ఆయన ఫ్యాక్టరీకెళ్ళగానే విసిరేశాను. మధ్యాహ్నానికి పనివాళ్ళు పూడ్చేశారు.

అడిగితే తెలీదన్నాను. అంతే! ఆ ఒక్క మాటే.

ఆయన పోయి తమ్ముడు విస్తిన్ మీద పడ్డాడు. "నాన్న నాకిచ్చాడని నీకు కుళ్ళు, నువ్వే ఎత్తుకెళ్ళావ్" అని. యాభై మూడేళ్ళుగా మాటల్లేవు, హీథర్! రెండు వీధుల దూరంలో ఉంటూ, ఒకే చర్చికెళ్తూ, ఒకడు కుడివైపు బల్ల, ఇంకొకడు ఎడమవైపు బల్ల. వచ్చే పండక్కి చెప్పేద్దాం, వచ్చే పండక్కి చెప్పేద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఏటికేడాదీ నోరు బరువెక్కింది.

ఇవాళ రెండింటికి నీ ప్రదర్శన. విస్తిన్ కూడా వస్తాట్ట, చక్రాలకుర్చీలో.

నిజం చెప్పొద్దూ, నీ చీటీ అలాగే ఉండనిద్దామనుకున్నాను, నా బదులు అబద్ధం అదే ఆడుతుంది కదా అని. కానీ ఆ కొమ్ము మీద శిలువ గీత చూశావా? మా మామగారు కత్తితో గీసింది. చెన్సు ఇట్టే గుర్తుపడతాడు. "చూశారా, తమ్ముడే ఇక్కడ పాతిపెట్టాడు" అంటాడు. ఆ నింద మొయ్యడానికి విస్తిన్‌కింక ఎన్నాళ్ళున్నాయే? వాడు దొంగగానే పోతాడు. నాకు భయంగా ఉందమ్మా.

అందుకని ఆ చీటీ మార్చు, నా పేరే పెట్టు. రాయి. "1971. పారేసింది జూజా. కారణం, నిద్ర." కాస్త పెద్ద అక్షరాలు రాయవే, ఇద్దరికీ చత్వారం.

అదిగో, మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చేస్తున్నాడు మా ఆయన. తిడతాడా? తిట్టనీ. మళ్ళీ ఊదుతాడన్న భయం మాత్రం లేదు, నోట్లో పళ్ళేవీ!

ఇంతా చేస్తే ఆ రీటాకి... యాభై మూడొచ్చాయి, ఇప్పటికీ నిద్ర పట్టదంటుంది, మహాతల్లి.