సగం దారిలో మన వంతు

అమరవీరుల రోజు ఊరేగింపు చూడటానికి ఆల్డర్‌ఫోర్డ్ ఊరి పెద్దవీధి పక్కన ముసలామె మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. నిరుడు పక్కింటికి కొత్తగా వచ్చిన కుర్రాడు ఆమె పక్కనే నిలబడ్డాడు.

“మంగళవారం ఓటు ఎటు వేస్తావు నాయనా?”

“మన ఊరిని నగరంలో కలిపెయ్యమనే వేస్తాను పెద్దమ్మా. వీధిదీపాల్లేవు. మంటలార్పడానికి జీతాలిచ్చి పెట్టుకున్న ఫైరింజనువాళ్లు లేరు, పళ్ల డాక్టరే పని మానుకుని పరిగెత్తాలి!”

“పరిగెత్తాడుగా! నా కొట్టం అంటుకుంటే, పీకుతున్న పన్ను సగంలో వదిలేసి మరీ వచ్చాడు.”

“నగరంలో ఊరేగింపు ఎంత బ్రహ్మాండంగా ఉంటుందో చూశారా?”

“చూశాలే. తాడు కట్టి, చూడవచ్చినవాళ్లని అవతలే నిలబెట్టారు.”

ఇంతలో చర్చి మలుపు దగ్గర ఊరేగింపు ఆగింది. నడుస్తున్నవాళ్లు వచ్చి కుర్చీల్లో కూలబడ్డారు. చూస్తున్నవాళ్లు లేచారు.

“అప్పుడే అయిపోయిందా?”

“సగమే అయింది. ఇంత చిన్న ఊళ్లో అందరూ నడిస్తే చూసేదెవరు? అందుకే మా తాతలనాటి నుంచీ ఇక్కడ మారతాం. పద, మన వంతు.”

పళ్ల డాక్టరు చెమటలు కక్కుతూ వచ్చి, పెద్ద డ్రమ్ము కుర్రాడి మెడలో వేసి, ముసలామె కుర్చీలో చతికిలబడ్డాడు.

“నాకు వాయించడం రాదు పెద్దమ్మా!”

“ఆయనకి మాత్రం వచ్చా? కొట్టు.”

కొట్టాడు. వీధికి రెండువైపులా చప్పట్లు మోగాయి. ఎవరికీ తెలియదనుకున్న తన పేరు పెట్టి జనం కేకలేస్తున్నారు.

“పెద్దమ్మా, వచ్చే ఏడు మొదటి సగం కూడా నేను నడవొచ్చా?”

“ఊరంటూ ఉంటే నడుద్దువుగాని.”

“ఉంటుంది,” అని డ్రమ్ము మీద గట్టిగా ఒక్కటి వేశాడు.