లైనింగు లోపలి కథ

అమ్మయ్య, వచ్చావా పిన్నీ! ష్... చెప్పులు అక్కడే వదిలెయ్. గట్టిగా మాట్లాడకు. మీ అన్నయ్య లోపల గడియ పెట్టుకున్నారు.

ఎందుకేంటి? నా వల్లే! నేను చేసిన వెధవ పని వల్లే. బొత్తాల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందిలా కూర్చో. పొద్దున్నించీ సూదిలోకి దారం ఎక్కితే ఒట్టు.

కుట్టు మిషన్ చప్పుడు వినపడుతోందా నీకు? లేదు కదా? అదే నా భయం. మాస్టారు ఊరికే కూర్చోవడం నువ్వెప్పుడైనా చూశావా? పెద్ద కత్తెర కూడా లోపలే ఉంది పిన్నీ.

అబ్బే, తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది! నాలుగు తిట్లు తిని, నీళ్ళు తాగి, పనిలో పడేవాణ్ణి.

సరే, మొదటినించీ చెప్తా. నవ్వకూడదు మరి. నేను... కథలు రాస్తున్నా.

అదిగో, నవ్వావు!

నిజం పిన్నీ. చిన్నప్పుడు రాసేవాణ్ణి, బొగ్గుతో గోడ మీద. మా అమ్మ వీపు చీరేసేది, నేను ఇంకో గోడకి పోయేవాణ్ణి. బడి మానేసి ఇక్కడ చేరాక అంతా మర్చిపోయా. మొన్న చలికాలంలో, మధ్యాహ్నం, మాస్టారు భోంచేసి కునుకు తీస్తున్నారు. కోటు లోపల వేసే లైనింగు గుడ్డ బల్ల మీద పరిచి, చంక దగ్గర సుద్దతో గీత గీయబోయా. గీత రాలేదు. 'ఒకామె' అని వచ్చింది. ఆ తర్వాత చెయ్యి ఆగితేగా!

కాగితమా? వద్దు తల్లీ. కాగితం మీద రాస్తే ఉండిపోతుంది, ఎవడో ఒకడు చదువుతాడు. నా చదువెంతో నీకు తెలియదా? సుద్దయితే రాసుకున్నంతసేపు రాసుకుని బ్రష్షుతో దులిపేస్తే, నేనూ లేను, కథా లేదు. రోజూ అదే పని. ఇంటికెళ్తుంటే ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉండేది, తెలుసా?

ఒక రోజు మాస్టారు తొందరగా లేచారు. వచ్చి నా వెనకే నిలబడ్డారు. దులపబోతే చూస్తారు. గభాల్న గుడ్డ తిప్పేసి మిషన్ కిందికి తోశా. కుట్టేశా కూడా. రాసిన వైపు లోపలికి పోయింది. బ్యాంకాయన కోటు అది. తొడుక్కుని దర్జాగా వెళ్ళిపోయాడు, నా కథ వీపున మోసుకుంటూ!

పోయినవాడు పోయినట్టు ఉండచ్చుగా? పొట్ట పెరిగిందట! వదులు చెయ్యాలట! పొద్దున్నే తెచ్చి బల్ల మీద పడేశాడు. 'నేను విప్పుతా మాస్టారూ' అన్నా. 'నువ్వు కాజాలు చూడు' అన్నారు. ఆయన కుట్లు ఊడదీస్తుంటే ఒక్కో దారం నా గుండెలో తెగింది. లైనింగు తిప్పారు. కాసేపు అలాగే చూశారు. నెమ్మదిగా జేబులోంచి కళ్ళజోడు తీసి కళ్ళకి పెట్టుకున్నారు.

కథేంటా? అడక్కు పిన్నీ...

తిట్టనంటే చెప్తా. మీ వదిన గురించి.

ఉండు, లేవకు! చెడ్డగా రాయలేదు. మా అమ్మ మీదొట్టు. ఆ బూడిద రంగు గుడ్డ నీకు తెలియందా, పై అరలో ఉండేది? ఆవిడ చలికోటుకని కొన్నది. అన్నం డబ్బా పట్టుకొచ్చినప్పుడల్లా 'నాదెప్పుడు?' అనేది. ఈయన 'రేపు' అనేవారు. ఊరందరి కోట్లూ అయ్యాయి. ఆవిడ దగ్గుతూ వచ్చేది, దగ్గుతూ వెళ్ళేది. ఆ చలికే పోయింది. గుడ్డకి మాత్రం కత్తెర తగల్లేదు.

నా కథలో ఆవిడ మళ్ళీ వస్తుంది. మామూలు బేరంలాగే. అందరితో పాటు వరసలో నిలబడుతుంది. తన వంతు వచ్చాక బల్ల మీద చెయ్యి ఆనించి, 'నాదెప్పుడు?' అంటుంది.

అంతే. అక్కడితో ఉంది.

లేదు, ఇంకోటి ఉంది. టైలరు జవాబు ఒక్క మాట రాశా. 'రేపు' అని. రాశాక చూస్తే నాకే ఒళ్ళు జల్లుమంది. అరచేత్తో తుడిచేశా. ఆ మరక అలాగే ఉండిపోయింది. మాస్టారు వేలు పెట్టి ఆ మరకనే తడుముతున్నారు పిన్నీ. నేను కాజా మీదనించి తలెత్తలేదు. ఎత్తేసరికి మనిషి లేరు, కోటు లేదు.

ఇటు చూడు, పై అర. ఖాళీ! ఆ గుడ్డ కూడా తీసుకెళ్ళారు. కత్తెరతో ఏం చేస్తారు? కోస్తారా, చింపుతారా? నాకేం తెలుసు? పని తీసేస్తే తీసేయమను, ఇంకో కొట్టు చూసుకుంటా. ఆయనకేమైనా అయితే మాత్రం... నేను మళ్ళీ సుద్ద ముట్టుకోగలనా?

తలుపు కొట్టకుండా ఉంటానా? కొట్టా. 'తప్పయిపోయింది మాస్టారూ, ఇంకెప్పుడూ రాయను' అన్నా. తలుపుకి ఆనుకునే ఉన్నారేమో, గొంతు నా చెవి పక్కనే వినపడింది. అప్పుడు పరిగెత్తుకొచ్చి ఈ మూల కూర్చున్నవాణ్ణి, ఇంకా లేవలేదు.

మిగతాది రాయలేదు పిన్నీ. ఏమని రాయను? నాకు రాదు, భయం.

నువ్వు ఆయన తోడబుట్టినదానివి. కోపమో, ఏడుపో, నువ్వే చెప్పు. ఒక్క అక్షరం మార్చకుండా, ఆయన అన్నది అన్నట్టే అంటున్నా:

"మిగతాది ఏ కోటులో ఉందిరా?"