దువ్వెనలో వాసన

అనంతగిరి సంతలో దువ్వెనలమ్మే షావుకారు ముందు ఒక కొండ ఊరి ఆడమనిషి విరిగిన దువ్వెన పెట్టింది.

"కొన్నప్పుడు బాగా వంగీది, సావుకారూ. ఇప్పుడు ఎండుపుల్లలాగ ఇరిగిపోనాది."

"ఇది జపాను సెల్యులాయిడ్ అమ్మా. మెత్తగా వంగాలని కర్పూరం కలుపుతారు. కొత్తలో ఆ వాసనే కొడతాది. కర్పూరం ఎగిరిపోతే పెళుసైపోద్ది. గాలికి వదిలేసినావేటి?"

"రోజూ దీని మూట ఇప్పి వాసన సూసీదాన్ని. నా కూతురు గుంట సచ్చిపోనాక దాని సామానంతా దాంతోనే పాతేసినాం. దాని తల వాసనుందని ఇదొక్కటే దాసుకున్నాను."

"పోనీ, కొత్తది తీసుకో. ఊరికే ఇస్తాను."

ఆమె కొత్త దువ్వెనను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"దీంతో ఎవులూ దువ్వుకోనేదు గదా?"

"లేదమ్మా. ఇప్పుడే కట్ట విప్పినాను."

"మరి నా గుంట తల వాసనే వత్తంది."