మూడో చుక్క

పటేల్‌గూడలో ఒక ఇల్లు. శనివారం, పొద్దు వాలే వేళ. సుందర్‌రాజు ఇప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బాత్‌రూం స్విచ్చు మీద చెయ్యి వేశాడు. భార్య సుకుమారి వంటింట్లో ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చి వాళ్ళింట్లో ఉంటున్న యూదుల అమ్మాయి తాలియా డాబా మీద ఉంది.

"ఆగాగు, బాత్‌రూం లైటు బంద్ చెయ్యకు!"

"ఇంక పొద్దు గూకలే, లైటెందుకు?"

"నిన్న సాయంత్రం సంది అట్లనే వెలుగుతుంది. శనివారం తాలియా స్విచ్చు ముట్టదు కద, చుక్కలు పొడిచేదాక. యాదిమరిచినవా?"

"మరిచిన. చెయ్యి దానంతట అదే పోయింది."

"ఏం చెయ్యో ఏమో. పోయిన వారం గిట్లనే బంద్ చేస్తే పిల్ల చీకట్ల తడుముకున్నది. ఒక్క మాటనలే."

"యాడుంది?"

"మీద. చుక్కల కోసం చూస్తుంది. మూడు కనబడితే వాళ్ళ విశ్రాంతి దినం అయిపోయినట్టు. పోయిన వారం మూడోది దొరికిందని కిందికి ఉరికొచ్చింది. పోయి చూస్తే ఏందనుకున్నవ్? కంపెనీ చిమ్నీ మీది లైటు! 'అది చుక్క కాదు బిడ్డా' అంటే ఎంత నవ్విందో. నువ్వు నవ్వవేంది?"

"నవ్విన. చాయ్ ఉందా?"

"పెడుతున్న. ఆమె తెలుగు ముచ్చట ఇంకోటి విను. పొద్దున బడిల పిల్లలకు ఇంగ్లీషు చెప్పనీకి పోయేటప్పుడు 'ఆంటీ, పోతున్న' అంటుండె. ఇంట్లకెళ్ళి బయలెల్లేటోళ్ళు పోతున్న అనొద్దు, పోయొస్త అనాలె అని చెప్పిన. ఇగ అన్నిటికి అదే. మొన్న కరెంటు పోతే 'ఆంటీ, కరెంటు పోయొస్తది' అన్నది."

"తప్పేముంది? పోయొస్తది కద."

"గదే నేను గూడ అన్న! నిన్న సాయంత్రమైతే ఇంకా... విశ్రాంతి దినం వత్తులు ముట్టించే ముందట గదిలకెళ్ళి ఫోను పట్టుకొని వచ్చింది. ప్రతి శుక్రవారం లెక్కనే నా చేతిల పెట్టి బీరువాల దాచుమన్నది. ఇచ్చి, 'ఆంటీ, అమ్మమ్మ పోయింది' అన్నది."

"ఏమన్నది?"

"అమ్మమ్మ పోయిందట. ముసలామె ఏ చుట్టాలింటికి పోయిందో ఏమో. ఛీ, పెద్దోళ్ళ గురించి గట్లనొద్దు, పోయింది అంటే వేరే అర్థం, పోయొస్తది అను, అన్న."

"అంటే?"

"ఏందంటే?"

"ఆమె ఏమన్నది?"

"ఏమంటది? జెరసేపు నా మొఖమే చూసింది. మల్ల 'అమ్మమ్మ పోయొస్తది' అన్నది. శభాష్ అని బుగ్గ గిల్లిన. గట్ల నిలబడ్డవేంది? కూసో."

"సుకుమారీ, పొయ్యి బంద్ చెయ్యి."

"చాయ్ ఇంక పొంగలే..."

"బంద్ చెయ్యి. నిషిత ఫోన్ చేసింది. తాలియాను మనింట్ల పెట్టిన సంస్థ పిల్ల."

"ఏమైంది? ఇల్లు మారుస్తరా? మంచిగనే చూసుకుంటున్నం కద. వాళ్ళ తిండి నియమమని గిన్నెలు గూడ వేరే పెట్టిన. మన కూర గంటె ఆమె గిన్నెల పెట్టనే పెట్టను..."

"అది కాదు. ఆ అమ్మమ్మ... చనిపోయిందట. నిన్న."

"ఎవలు?"

"తాలియా అమ్మమ్మ. పెంచినామె."

"ప్రభువా."

"రేపే మట్టి చేస్తరట. ఈమె బయలెల్లినా అందదు."

"చెప్పొద్దు."

"సుకుమారీ..."

"ఈ రాత్రికి చెప్పొద్దు. ఫోను బీరువాల ఉంది, తాళంచెవి నా కాడ ఉంది. ఆమెకెట్ల తెలుస్తది? ఇంత తిననీ, పండనీ. పొద్దుగాల నేనే చెప్త. నిమ్మలంగ, పక్కన కూసోబెట్టుకొని..."

"నేను చెప్పేది జెర..."

"వీడియోల ఎంత ముద్దుగ మాట్లాడేది ముసలామె! ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు, ఇద్దరం నవ్వుకునేటోళ్ళం. ఇంత ఉప్పు తక్కువెయ్యమని చేతితోటి చూపెట్టేది, గుర్తుందా? కాలేజీల చేరకముందు ఒక్క యేడు లోకం చూసి రా, ఎవలికన్న పనికొచ్చి రా అని తోలిందే ఆమె. ఇప్పుడు ఆ మాట నా నోటితోటి చెప్పాలెనా?"

"చెప్పేదేం లేదు. ఆమెకు ఎరికే."

"ఎట్ల ఎరుక? ఫోను బంద్..."

"బంద్ చేసే ముందే వాళ్ళమ్మ చెప్పింది. నిన్న సాయంత్రం. నిషిత అడిగింది గూడ గదే. పిల్ల ఎట్లుంది, ఏడ్చిందా, మీరు పక్కన ఉన్నరా అని."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నం అన్న."

"పోయింది అన్నది."

"ఊఁ."

"సరిగ్గనే అన్నదయ్యా. ఇన్ని నెలల్ల ఒక్క తప్పు లేకుండ అన్నది. నేను దిద్దిన."

"నీకేం ఎరుక?"

"బుగ్గ గిల్లిన."

"ఊకో."

"మరి రాత్రి అన్నం ముందట పాట పాడింది కద? నీకు పప్పు వడ్డించింది. బాగుందా అంకుల్ అని అడిగింది."

"విశ్రాంతి దినం నాడు బయటికి దుఃఖపడొద్దట వాళ్ళల్ల. లోపల ఎంతున్నా సరే. మూడు చుక్కలు పొడిచినంక కింద కూసొని ఏడుస్తరట. నిషిత చెప్పింది."

"అందుకేనా మీద నిలబడ్డది?"

"పిల్ల కాడికి పో. నేను రాను, నాతోని కాదు."

"పో అనకు."

"...పోయి రా."

డాబా మీద.

"తాలియా. బిడ్డా."

"ఆంటీ! రెండు వచ్చినయి. ఒకటి అగో. ఇంకోటి ట్యాంకు మీద."

"నిన్న నువ్వు చెప్పింది..."

"ఇప్పుడు వద్దు, ఆంటీ. ఇంకా శనివారమే."

"నువ్వు సరిగ్గ చెప్పినవ్. తప్పు నాది."

"తెలుసు. పోయింది అంటే ఏందో నాకు తెలుసు. బడిల పిల్లలు చెప్పిండ్రు. ఒక బాబు నాన్న పోయిండు."

"మరి నేను దిద్దితే ఎందుకు ఊకున్నవ్?"

"నువ్వు పోయొస్తది అను అన్నవ్. నేను అన్న. చాలా బాగుంది, ఆంటీ. రాత్రి అన్న. పొద్దున అన్న. ఇప్పుడు కూడా అంటున్న. ఆ మాట మా ఇంగ్లీషుల లేదు."

"అయ్యో బిడ్డా..."

"ఏడవకు, ఆంటీ. శనివారం."

"ఏడుస్తలే. పొగ. కంపెనీ పొగ."

"మూడోది వచ్చినంక ఆ మాట అనొద్దు కద?"

"అను బిడ్డా. ఎవలొద్దన్నరు?"

"లేదు. అప్పుడు సరిగ్గ అనాలె."

"దగ్గరికి రా. చలి పెడుతుంది."

"ఆంటీ... అగో. ఆ వేపచెట్టు మీద. మెరుస్తుంది."

"యాడ?"

"అగో. చిమ్నీ ఆ దిక్కు ఉంది. ఇది ఈ దిక్కు, అన్నీ పొలాలే. మూడోదే కద?"

"ఊఁ, కనబడ్డది."

"ఆంటీ? చుక్కే కద?"

"కాదు బిడ్డా. ఈ దిక్కు కొత్త కంపెనీ పడ్డది, దాని లైటది. ఇంకా శనివారమే."